శిశిరకుమార మిత్రాచార్యుని చరిత్రము

మన సంఘ వార్షిక సంచికలలో స్వకులజుల చరిత్రములనే ప్రకటించుట వాడుక. ఈ మారు వంగదేశీయుడగు నొక పండితుని గూర్చి వ్రాయ సాహసించితిని. మన పిఠాపురముపై నున్న యాకాశమును గూర్చియు నాతడు చింతించినవాడే గావున నాతని నన్యునిగా నెంచ బనిలేదు.

శిశిరకుమార మిత్ర 1890 వ సంవత్సరము అక్టోబరు 24 వ తేదీన జన్మించెను. బాల్యము భాగల్పురమున గడచెను. తల్లి శరత్కుమారి వైద్యవిద్య నభ్యసించి, యచ్చటి లేడీ డఫరిన్ ఆసుపత్రిలో బనిచేసి కుటుంబమునకు దిక్కయ్యెను. బాలికల చదువునకు చందా యడిగినప్పుడు వెనుదీయు పోషకమహాశయు లీ సంగతి నించుక గమనింతురుగాక.

1912 లో నాతడు ఎమ్మెస్సీ పట్టమందెను. 1916 లో ఆశుతోష ముఖర్జీ పిలుపున కలకత్తా విజ్ఞాన కళాశాల జేరెను. 1920 లో పారిస్ నగరమున కేగి, 1923 లో డాక్టరు పట్టముతో మరలివచ్చి, రేడియో విద్యను ఎమ్మెస్సీ తరగతులలో బాఠ్యాంశముగా జేసెను.

ఇక నాతని ముఖ్యకృషి. భూమికి నూరు కిలోమీటర్ల యెత్తునను, అంతకు బైనను, సూర్యకిరణములు వాయుకణములను భేదించి ఎలక్ట్రానులను విడదీయును. ఇట్లేర్పడిన ప్లాస్మా రేడియో తరంగములను గ్రిందికి మరల్చును. తరంగమును నిట్టనిలువుగ బంపి, ప్రతిధ్వని వచ్చు కాలమును బట్టి పొర యెత్తును, పొరను జీల్చుకొనిపోవు తరంగముయొక్క ఆవృత్తిని బట్టి సాంద్రతను గణింతురు.

సూర్యుడు నడినెత్తిన నుండుచోట ప్లాస్మా హెచ్చుగ నుండవలెనని యెవ్వరైన దలంతురు. కాని జరుగునది వేరు. పై పొరలో భూమి అయస్కాంత మధ్యరేఖపై పగటివేళ లోటును, దాని కిరుప్రక్కల సుమారు పదునైదు డిగ్రీల దూరమున రాశియు గానవచ్చును. ఆంగ్లేయుడగు ఆపిల్టన్ 1946 లో దీనిని బ్రకటించెను. ఋతుభేదమును విచిత్రమే: మన ప్రాంతమున మార్చి, సెప్టెంబరు విషువత్తుల చెంత సాంద్రత హెచ్చు; శీతలదేశముల మధ్యాహ్నమున వేసవికంటె శీతకాలముననే హెచ్చు.

ఆ లోటునకు మిత్రాచార్యు డదే సంవత్సరమున గారణము జెప్పెను. మధ్యరేఖపై మిక్కిలి యెత్తున బుట్టిన ప్లాస్మా, అయస్కాంత బలరేఖల వెంబడి యుత్తర దక్షిణములకు జారి దిగునని యాతని మతము. జారుట నిజమే, కాని యది యంతయెత్తున కెట్లు చేరెనో యందు సరిగా దేలలేదు. పగటి విద్యుత్క్షేత్రము ప్లాస్మాను బైకెత్తునని మార్టిన్ 1947 లో జూపెను. రెండును గలిసిననే నేటి సిద్ధాంతము. సగము చెప్పినవాడని కొందరు మిత్రాచార్యుని దక్కువ చేయుదురు. నా కది న్యాయముగ దోపదు. మొదటి సగము లేక రెండవ దెక్కడ నిలుచును?

అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణాగ్రము చెంతనే పోవును. రాశి కలకత్తా చెంత నుండును. పదునేడు డిగ్రీల యక్షాంశమున నున్న పిఠాపుర మా రెంటి నడుమ వాలుపై నున్నది.

1947 లో నాతని ఉపరివాయుమండల గ్రంథమును కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ప్రకటించెను. 1958 లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1963 ఆగస్టు 13 వ తేదీన మిత్రాచార్యుడు పరమపదించెను. ఆ యేడే నవంబరు 21 వ తేదీన, అయస్కాంత మధ్యరేఖ చెంతనున్న తుంబా గ్రామమునుండి మన దేశపు మొదటి పరిశోధక రాకెట్టు పైకెగసెను.