టికెట్ అడిగిన దుర్గాబాయమ్మ

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర ఆమె వాలంటీరు. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దని పెద్దలు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ గారు టికెట్ లేకుండా వస్తే ఆయన్నీ ఆపేసింది. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే వదిలింది. ఆ పిల్లే పెద్దయ్యాక, ఆడవాళ్లకు చదువూ చేతిపనీ నేర్పే ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. ఆ నెహ్రూ గారే ప్రధానిగా ఉండగా, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు.

అక్కలారా, మన కొట్టుకీ చుట్టాలు అరువుకొస్తారు. సంఘంలో లీడరు కిస్తీ కూడా ఒక్కోసారి ఆగుతుంది. అడగడానికి మొహమాటపడితే కరిగేది మన పెట్టుబడే. అందరికీ ఒకటే లెక్క అని మర్యాదగా చెబుదాం. లెక్క అడిగినంత మాత్రాన చుట్టరికం చెడదు.