జాగరూకుడైన వైమానికుడు: నేట్ సెయింట్ (1923–1956)

విశ్వాసమును సాహసమును ఒకటేయని యెంచు భక్తులు ప్రతి తరములోను కలరు. ముందుజాగ్రత్త తీసికొనువాడు దేవునిమీద పూర్తిగా ఆనుకొనలేదని వారు తలంతురు. ఆ తలంపు పొరపాటని తన బ్రతుకుచేత చూపినవాడు దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశమందు పరిచర్య చేసిన నేట్ సెయింట్. ముప్పదిరెండేండ్ల వయస్సులో నలుగురు స్నేహితులతో కూడ ఈటెపోట్లకు గురియై మరణించిన హతసాక్షిగా సంఘము ఆయనను జ్ఞాపకము చేసికొనుచున్నది. అయితే ఆ మరణమునకు ముందు ఏడేండ్లకు పైగా ఆయన చిన్న విమానమును కొండలమీదను అడవులమీదను ఎంత శ్రద్ధతో నడిపెనో ఎరిగినప్పుడే ఆ మరణపు వెల తెలియవచ్చును.

బాల్యము, పిలుపు

నతనయేలు సెయింట్ 1923 ఆగస్టు 30న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు హంటింగ్డన్ వ్యాలీ అను ఊర జన్మించెను. అందరు నేట్ అని పిలిచిరి. ఎనిమిదిమంది బిడ్డలలో అతడు ఏడవవాడు. తండ్రి లారెన్స్ సెయింట్ దేవాలయపు కిటికీలకు రంగుటద్దములతో చిత్రములు కూర్చుటలో పేరుపొందిన కళాకారుడు. వాషింగ్టన్ నగరములోని జాతీయ కెథెడ్రల్‌లో ఆయన చేసిన కిటికీలు ఉన్నవి. ఏడేండ్ల ప్రాయములో అన్న సామ్ నడిపిన విమానము ఎక్కినది మొదలు నేట్ మనస్సు ఆకాశముమీదనే నిలిచెను.

కౌమారములో అతని కాలిఎముకకు ఆస్టియోమైలైటిస్ అను వ్యాధి సోకెను. పెనిసిలిన్ ఇంకను సామాన్య రోగులకు అందని దినములవి. వ్యాధి నెమ్మదించెను గాని మచ్చ మిగిలెను. 1942లో అతడు సైన్యపు వైమానిక దళములో చేరి పైలట్ శిక్షణకు ఎంపిక కాగోరెను. 1943లో ఆ శిక్షణ ఆరంభము కావచ్చిన తరుణముననే పాత గాయము తిరుగబెట్టెను. సైన్యములో పైలట్ కావలెనను ఆశ అంతటితో ముగిసెను. యుద్ధకాలమంతయు అతడు విమానములు నడుపక వాటిని మరమ్మతు చేయు మెకానిక్‌గా పనిచేసెను. ఆనాడు నష్టముగా కనబడిన ఆ సంవత్సరములే మునుముందు అతనికి పాఠశాల యాయెను. ఇంజను ఏ శబ్దము చేసిన ఏ భాగము అరిగినదో, ఏ బోల్టు వదులైన ఏమి ప్రమాదమో అతడు తన చేతులతోనే నేర్చుకొనెను.

1944 సంవత్సరపు చివరి రాత్రి జరిగిన ఆరాధనలో నేట్ తన జీవితమును మిషనరీ సేవకు అప్పగించుకొనెను. అంతకుముందే అతడు క్రైస్తవుడు. అయినను తనకు ఇష్టమైన విమాన విద్య తన భవిష్యత్తు కొరకని తలంచియుండెను. ఆ రాత్రి ఆ విద్య యజమానుని చేతికి మారెను.

1945లో యుద్ధమునుండి తిరిగివచ్చుచున్న కొందరు క్రైస్తవ వైమానికులు, మారుమూల ప్రాంతములలోని మిషనరీలకు విమానముల ద్వారా తోడ్పడుటకై ఒక సహవాసమును స్థాపించిరి. అదియే తరువాత మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అని పేరుపొందెను. మెక్సికో దేశములో వారి మొదటి విమానము దెబ్బతినినప్పుడు దానిని బాగుచేయుటకు సైన్యమునుండి విడుదలైయున్న నేట్‌ను పంపిరి. అడవిప్రాంతమున, పనిముట్లు చాలని చోట, విరిగిన కొయ్య రెక్కలను తిరిగి కట్టి ఆ విమానమును ఎగురునట్లు చేసెను. పిమ్మట ఒక సంవత్సరము వీటన్ కళాశాలలో చదివెను. 1948 ఫిబ్రవరి 14న నర్సుగా శిక్షణ పొందిన మార్జొరీ ఫారిస్‌ను వివాహమాడెను. ఆ సెప్టెంబరులోనే ఆ దంపతులు ఈక్వడార్ చేరిరి.

కొండలు నేర్పిన పాఠము

ఈక్వడార్ దేశము నడుమ ఆండీస్ పర్వతములు గోడవలె నిలిచియున్నవి. వాటికి తూర్పున అమెజాన్ అడవి ఆరంభమగును. పర్వతముల అంచున, పస్తాసా నది యొద్ద, షెల్ చమురు కంపెనీ విడిచిపోయిన ఒక విమానపు నేల ఉండెను. ఆ చోటు పేరు షెల్ మేరా. అక్కడ నేట్ ఇల్లును విమానపు కొట్టమును కట్టెను. అడవిలోని మిషనరీలకు కాలినడకన దినములకొలది పట్టు దూరము విమానమున నిమిషములలో గడచెడిది. మందులు, ఉత్తరములు, ఆహారము, రోగులు, బోధకులు అందరికిని అన్నిటికిని ఆ చిన్న విమానమే దారి.

అయితే కొండల నడుమ చిన్న విమానమును నడుపుట మైదానములో నడుపుటవంటిది కాదు. రాజధానియైన కీటోలో ఆ దినములలోని విమానాశ్రయము సముద్రమట్టమునకు సుమారు 9,200 అడుగుల ఎత్తున ఉండెను. అంత ఎత్తున గాలి సముద్రతీరపు గాలిలో ముప్పాతిక వంతు దట్టము మాత్రమే. రెక్కలను మోయు గాలియు, ఇంజను పీల్చు గాలియు, ప్రొపెల్లరు త్రోయు గాలియు పలుచనైనదే. అందుచేత నేల విడుచుటకు విమానము ఎక్కువ దూరము పరుగెత్తవలెను. లేచిన తరువాత మెల్లగా పైకెక్కవలెను. ఇదిగాక గాలి కొండశిఖరమును దాటి అవతలి వాలున నీటివలె క్రిందికి దిగును. ఆ గాలిలో చిక్కిన చిన్న విమానము ఇంజను పూర్తి బలముతో పనిచేయుచున్నను నేలవైపునకే జారవచ్చును. అందుకే కొండలెరిగిన పైలట్ శిఖరమును ఎదురుగా కాక ఏటవాలుగా సమీపించును. గాలి క్రిందికి త్రోసినయెడల వెంటనే ప్రక్కకు తిరిగి పోవుటకు అది వీలు. లోయలో ప్రయాణించునప్పుడు నడిమధ్యను కాక ఒక ప్రక్కను పోవును. వెనుకకు తిరుగుటకు చోటు మిగులవలెను గదా. మేఘములు మూయకమునుపే, ఉదయమే, బయలుదేరును. అన్నిటికంటె ముందు, ఏ చోట వెనుకకు మరలవలెనో నేలమీద ఉండగానే నిర్ణయించుకొనును.

1948 డిసెంబరులో, ఈక్వడార్ చేరి నాలుగు నెలలైనను నిండకమునుపే, నేట్ కీటోనుండి ప్రయాణీకులతో తన స్టిన్సన్ విమానమును లేపెను. అది ఎత్తు అందుకొనకమునుపే క్రిందికి దిగు గాలి దానిని పట్టెను. విమానము కూలి ముక్కలాయెను. ఎవరును చనిపోలేదు గాని నేట్ వెన్నెముక విరిగెను. ఆయనను పిండికట్టులో బిగించిరి. ఇంకను మొదటి బిడ్డయైనను కలుగని యువతి భార్య. ఎగురుటకు విమానము లేదు. లేచి నడుచుటయే సందేహము.

అట్టి స్థితిలో మనుష్యుడు రెండు మాటలలో ఏదో ఒకటి చెప్పుకొనుట సులభము. దేవుడు తనను విడిచెనని ఒకటి, అంతయు దేవుని చిత్తమే గనుక తాను మార్చుకొనవలసినది ఏమియు లేదని మరియొకటి. నేట్ తరువాతి జీవితము ఈ రెండింటిని త్రోసివేసినది. ఆయన స్వస్థుడై తిరిగి పైలట్ స్థానములో కూర్చుండెను. ఆ దినమునుండి ప్రాణాపాయమునకు ముందుగానే మార్గము వెదకుట ఆయన పరిచర్యలో ప్రార్థనకు తోడైన భాగమాయెను.

రెండవ దారి

చిన్న విమానమునకు ఇంజను ఒక్కటే. క్రింద దిగుటకు చోటులేని అడవి. పెట్రోలు గొట్టములో కొంచెము చెత్త అడ్డుపడినను ఇంజను ఆగును. ప్రతి ముఖ్యమైన పనికి రెండవ దారి ఒకటి ఉండవలెనని నేట్ తలంచెను. వంటనూనె డబ్బాతో చిన్న పెట్రోలు తొట్టి చేసి విమానమునకు అమర్చి, దానినుండి సన్నని గొట్టమును కార్బురేటరుతో పనిలేకుండ నేరుగా ఇంజను గాలి పీల్చు మార్గములోనికి కలిపెను. పైలట్ చేయి చాపి మీట త్రిప్పినచో ఆ పెట్రోలు పారును. పని ముగిసిన తరువాత ఆయన ఆకాశమునకు లేచి, తానే ప్రధానపు పెట్రోలును ఆపివేసి, రెండవ దారి తెరచి పరీక్షించెను. ఇంజను తిరిగి ఊపందుకొనెను. ఆ యేర్పాటు తక్కిన మిషనరీ విమానములకును ఉపయోగపడెను.

బరువు విషయములోను ఆయన కఠినుడే. మెత్తని కుర్చీలను తీసివేసి తేలికైనవి అమర్చెను. ఆ మిగిలిన బరువు ఒక రోగికి మందుగానో ఒక కుటుంబమునకు ఆహారముగానో మారును. షెల్ మేరాలో మార్జ్ రేడియో యొద్ద కూర్చుండి, విమానము లేచిన గడియయు అది చేరిన చోటును వినుచు వ్రాసికొనెడిది. ముగ్గురు బిడ్డలను పెంచుచు, అతిథులకు వండిపెట్టుచు, ఆమె ఆ కావలిని విడువలేదు. ఆ తల్లి ఆ పరిచర్యకు రెండవ పైలట్ వంటిది.

విమానము దిగలేని తావులకొరకు ఆయన మరియొక యుక్తి కనుగొనెను. విమానము గుండ్రముగా తిరుగుచుండగా వెయ్యి అడుగులకు మించిన త్రాడు చివర ఒక బకెట్టును దించినయెడల, గాలి ఒత్తిడివలన త్రాడు లోపలికి వంగి, బకెట్టు ఆ వలయము నడిమికి చేరి దాదాపు కదలక నిలుచును. నేలమీదివాడు దానిలోనివి చేతితో తీసికొని, తన వస్తువులు పెట్టి పంపవచ్చును. ఆ విధముగా మందులు దించుటయు, టెలిఫోను దించి క్రిందివారితో మాటలాడుటయు సాధ్యమాయెను.

కురారై నదియొడ్డున

ఆ అడవిలో వావొదాని అను చిన్న జాతి నివసించెను. పొరుగువారు వారిని ఔకా అని పిలిచిరి. క్విచువా భాషలో అది అడవిమనుష్యులను కించపరచు మాట. బయటివారు రబ్బరు కొరకు వచ్చి చేసిన క్రూరత్వమును వారు మరువలేదు. పరదేశిని చూచినచో ఈటెతో పొడిచెడివారు. తమలో తామును పగలచేత నశించుచుండిరి. 1955 సెప్టెంబరులో నేట్ ఆకాశమునుండి వారి గుడిసెలను చూచెను. జిమ్ ఎలియట్, ఎడ్ మెకల్లీ, పీట్ ఫ్లెమింగ్, రోజర్ యూడేరియన్ అను నలుగురు యౌవన మిషనరీలతో కలిసి వారిని సమీపించు మార్గమును ఆలోచించెను. అక్టోబరు ఆరంభములో ఒక అల్యూమినియం కెటిల్‌తో కానుకలు దించుట మొదలాయెను. కొన్ని వారములకు క్రిందివారును ఈకల కిరీటమును, చిలుకను త్రాడునకు కట్టి పంపిరి.

కురారై నదియొడ్డున ఒక ఇసుకతిన్నెను దిగుటకు ఎంచుకొనిరి. దానిమీద సమాన వ్యవధులలో చిన్న సంచులు జారవిడిచి, విమానపు వేగమునుబట్టి నేట్ దాని పొడవును లెక్కించెను. 1956 జనవరి 3న ఒక్కొక్క విడతగా మనుష్యులను సామానులను అక్కడ దించెను. రాత్రివేళ వాన కురిసి నది పొంగినయెడల విమానము చిక్కుకొనును గనుక, ప్రతి సాయంకాలము దానిని అరాహూనోకు కొనిపోయెను. తక్కినవారు చెట్టుమీద కట్టిన మంచెలో నిద్రించిరి. 6వ తేదీన ముగ్గురు వావొదానులు స్నేహముగా వచ్చిరి. వారిలో ఒకడు విమానములో తిరిగి సంతోషించెను.

జనవరి 8, ఆదివారము. మధ్యాహ్నము నేట్ రేడియోలో భార్యతో మాటలాడి, ఒక గుంపు తమవైపు వచ్చుచున్నదనియు 4:30 గంటలకు తిరిగి పిలిచెదననియు తెలిపెను. ఆ గడియకు రేడియో పలుకలేదు. తరువాత దొరికిన ఆయన చేతిగడియారము 3:12 యొద్ద ఆగియుండెను. ఐదుగురును ఈటెలచేత హతులైరి. వారియొద్ద తుపాకులుండెను. అయినను క్రీస్తును ఎరుగనివారిని చంపి తమ ప్రాణము కాపాడుకొనకూడదని వారు ముందుగానే ఒప్పుకొనియుండిరి.

ఫలము, ప్రశ్న

ఈ ప్రయత్నమును ప్రశ్నించినవారు అప్పుడును కలరు, ఇప్పుడును కలరు. వావొదాని భాషను నేర్చుకొనుచున్న తన సొంత అక్క రాచెల్‌కు సహితము నేట్ దీనిని తెలుపలేదు. భాష చక్కగా రాకమునుపే తొందరపడిరని కొందరు చెప్పిరి. బయటిలోకపు రాకతో ఆ జాతికి చమురు కంపెనీలును రోగములును వచ్చినవనుటయు నిజమే. హతసాక్షుల నిర్ణయములన్నియు తప్పులేనివని చెప్పుట వారికి గౌరవము కాదు. తన విమానము కూలినప్పుడు ఆ కూలుటనుండియే నేర్చుకొనిన మనుష్యుడు అట్టి పొగడ్తను కోరియుండడు.

అయితే జరిగిన మరియొక సంగతియు నిజమే. 1958లో రాచెల్ సెయింట్, జిమ్ ఎలియట్ భార్యయైన ఎలిజబెత్, ఆమె పసిబిడ్డ ఆ గుడిసెల మధ్యకే పోయి కాపురముండిరి. చంపినవారిలో అనేకులు క్షమాపణ వార్తను విని నమ్మిరి. తరతరములుగా సాగిన పగ హత్యలు ఎంతో తగ్గెను. 1965లో నేట్ పిల్లలైన క్యాతీ, స్టీవ్ అదే కురారై నదిలో బాప్తిస్మము పొందిరి. వారికి బాప్తిస్మమిచ్చినవారు ఐదుగురి రక్తము చిందించిన చేతులు గల వావొదాని విశ్వాసులు.

దేవాలయ శిఖరముమీదనుండి దూకుమని శోధకుడు చెప్పినప్పుడు ప్రభువు దూకలేదు. దేవదూతలు లేరని కాదు, తండ్రిని శోధించుట విశ్వాసము కాదని. ఆ ప్రభువే గడియ వచ్చినప్పుడు యెరూషలేమునకు తన ముఖము త్రిప్పుకొనెను. నేట్ సెయింట్ జీవితములో ఈ రెండును కనబడును. అరిగిన గొట్టము వలననో, లెక్కలేని బరువు వలననో, ఆతురతతో దాటిన కొండ వలననో పోగొట్టుకొనుటకు తన ప్రాణము తనది కాదని ఆయన ఎరిగెను. ఇతరుల ప్రాణములు అంతకన్నను తనవి కావు. అందుకే ప్రతి ఉదయము బోల్టులను పరీక్షించెను, బరువు తూచెను, మేఘములను చూచెను. మిక్కిలి జాగ్రత్తగా కాపాడిన ప్రాణమునే చివరకు యజమానుని చేతికి అర్పించెను.

కారు నడుపు సేవకుడును, రోగికి మందు పోయు నర్సును, సంఘపు డబ్బు లెక్కించు పెద్దయు నేట్ పనిలో భాగస్థులే. తనిఖీ చేయుటయు సాక్ష్యమే. దేవుడు చూచుకొనునని చెప్పి మన చేతిపనిని విడుచుట భక్తి కాదు. ఆ చేతిపనిని చక్కగా చేసి, ఫలితమును ఆయనకు విడుచుటయే భక్తి.