బాలలకు మితం నేర్పిన చక్రపాణి

పిల్లలకు నీతిని బోధించడం అంత కష్టమైన పని కాదు. అబద్ధమాడరాదని, పెద్దలను గౌరవించవలెనని చెప్పని ఇల్లు లేదు, చెప్పని పాఠశాల లేదు. కాని ఒక విషయానికి రెండు వైపులు ఉండవచ్చునని, తనకు తోచినదే తుది మాట కాదని, కోపానికైనా సంతోషానికైనా ఒక మేర ఉండవలెనని పసి మనస్సుకు తెలియజెప్పడం మిక్కిలి కష్టం. ఈ గుణాన్ని మనం తెలుగులో మితమని, మధ్యేమార్గమని అంటాం. ఉర్దూలో ఏతెదాల్ అంటారు. ఏ భాషలో ఏ పేరుతో పిలిచినా దీనిని ఉపన్యాసంతో నేర్పడం సాధ్యం కాదు. మితంగా ఉండుమని గట్టిగా ఆజ్ఞాపించడంలోనే మితం లోపిస్తుంది.

ఇంతటి కఠినమైన పాఠాన్ని బొమ్మలతోను, కథలతోను, ప్రశ్నలతోను తెలుగు బాలలకు అందజేసిన మహనీయుడు చక్రపాణిగారు. ఆయనను చలనచిత్ర నిర్మాతగా ఎరిగినవారు అనేకులు. చందమామ వ్యవస్థాపక సంపాదకులుగా ఆయన చేసిన సేవను తలచుకొనేవారు మాత్రం క్రమంగా తగ్గిపోతున్నారు. కావున ఆ జీవితాన్ని మన విద్యార్థినీ విద్యార్థుల ముందుంచడం అవసరమని మేము భావించాము.

చక్రపాణిగారి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న గుంటూరు జిల్లా తెనాలి సమీపాన ఐతానగరంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. జాతీయోద్యమ ప్రభావానికి లోనై పాఠశాల చదువును మధ్యలోనే విడిచి హిందీ అభ్యసించారు. ఆ రోజులలో తెలుగు దేశంలో హిందీ నేర్పుతున్న వ్రజనందన శర్మగారు ఆయనకు చక్రపాణి అను కలం పేరు పెట్టారు. పట్టాలు లేకపోయినా భాషల మీద ఆయనకు గల మక్కువ నానాటికీ పెరిగింది.

యౌవనంలోనే ఆయనకు క్షయవ్యాధి సోకింది. ఆ కాలంలో క్షయ అంటే మృత్యువుకు మారుపేరు. చికిత్సకై మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియంలో చేరవలసి వచ్చింది. రోగి మంచం మీద పడుకొని దినాలు లెక్కించుకొనే చోట ఆయన మరొక రోగి వద్ద బెంగాలీ నేర్చుకున్నారు. ఈ ఘట్టం మాకు ఎంతో అర్థవంతంగా తోస్తుంది. వ్యాధి మనిషిని తనలోనికి ముడుచుకొనునట్లు చేస్తుంది. ఆయన మాత్రం ఆ వ్యాధి కాలాన్నే మరొక ప్రాంతపు మనుషుల హృదయంలోనికి ప్రవేశించడానికి వాడుకున్నారు. పరుల భాష నేర్చినవాడు పరుల వైపు నుండి లోకాన్ని చూడడం కూడా కొంత నేర్చుకుంటాడు. మారుతున్న పరిస్థితికి మనస్సును మలచుకొనడం అనేది ఆయనకు పుస్తకంలో దొరికిన గుణం కాదు, రోగశయ్య మీద అలవడిన గుణం.

ఆరోగ్యవంతుడై తిరిగివచ్చి శరత్ చంద్ర చటోపాధ్యాయుని నవలలను వరుసగా తెలుగులోనికి అనువదించారు. దేవదాసు వంటి నవలలు తెలుగు ఇళ్లలో ఎంతగా చొరబడినవంటే, శరత్ బాబు తెలుగువాడేనని భ్రమించిన పాఠకులు కూడా ఉండేవారని చెప్పుకుంటారు. 1934లో తెనాలి నుండి యువ అను మాసపత్రికను ప్రారంభించారు. ఆడంబరం లేని వాడుక తెలుగు, చిన్న వాక్యం, పాఠకుని తెలివి మీద నమ్మకం ఆయన రచనకు లక్షణాలు. ఈ మూడే తరువాతి కాలంలో బాలల పత్రికకు పునాదులైనవి.

పుస్తకాల ముద్రణ పనిమీద మద్రాసుకు రాకపోకలు సాగుతున్న రోజులలో ఆయనకు బి. నాగిరెడ్డిగారితో స్నేహం కుదిరింది. నాగిరెడ్డిగారు ముద్రణాలయాధిపతి, వ్యవహార దక్షుడు. చక్రపాణిగారు సాహిత్యజీవి, మొగమాటం ఎరుగని మనిషి. స్వభావాలు వేరైనా ఆ మైత్రి జీవితాంతం నిలిచింది. వారిరువురి పేర్లను తెలుగువారు ఒకే మాటగా పలకడం అలవాటు చేసుకున్నారు. ఆ స్నేహ ఫలితంగా 1947 జూలైలో చందమామ తెలుగులోను, అంబులిమామ అను పేరున తమిళంలోను వెలువడింది. తరువాత కన్నడం, హిందీ మొదలుగా అనేక భారతీయ భాషలకు విస్తరించింది.

ఆ నెలను ఒక్కసారి స్మరించుకుందాం. స్వాతంత్ర్యం ఇంకొక నెలలో రానున్నది. దేశం రెండుగా చీలుతున్నది. పొరుగువాడిని పొరుగువాడు శత్రువుగా చూస్తున్న దినాలవి. ఆనాటి పెద్దల పత్రికల నిండా ఆ మంటలే. అటువంటి వేళ పిల్లల కోసం వెలువడిన పత్రిక ఎవరినీ ద్వేషించుమని నేర్పకపోవడం సామాన్యమైన విషయం కాదు. క్రమంగా చందమామలో పురాణ కథల ప్రక్కన బౌద్ధ జాతక కథలు, వాటి ప్రక్కన అరేబియా కథలు చోటు చేసుకున్నవి. గ్రీకుల ఒడిస్సీ కావ్యం రూపధరుని యాత్రలుగాను, ఇలియడ్ గాథ భువనసుందరిగాను తెలుగు వేషం ధరించినవి. ఉజ్జయినీ రాజు, బాగ్దాదు వర్తకుడు ఒకే అట్ట క్రింద, ఒకే సరళమైన తెలుగులో మాట్లాడుకున్నారు. ఆ పుటలు చదివిన ముస్లిం బాలునికి తాను పరాయివాడనని గాని, హిందూ బాలునికి బాగ్దాదు పరాయిదని గాని తోచలేదు. సహనం అను మాటను ఎక్కడా అచ్చువేయకుండానే పత్రిక ఆ పని చేసింది.

ఇక బొమ్మల సంగతి. చందమామలో పుట తిప్పితే చాలు, ఏదో ఒక బొమ్మ కనిపించేది. చదువు రాని పిల్లవాడు కూడా బొమ్మలను చూచి కథను ఊహించుకోగలిగేవాడు. చిత్ర, ఎం.టి.వి. ఆచార్య, శంకర్, వడ్డాది పాపయ్య వంటి చిత్రకారులు ఆ పత్రికకు రూపాన్నిచ్చారు. ఆ బొమ్మలలోని రాజుకు మన ఊరి పెద్దమనిషి పోలిక, లోభికి మన వీధి షావుకారి పోలిక ఉండేవి. విశేషమేమనగా, దయ్యాలు సైతం కథలలో తరచుగా మంచివాళ్లుగా, మాట మీద నిలబడేవాళ్లుగా, మనుషుల కష్టాలకు జాలిపడేవాళ్లుగా కనిపించేవి. భయపడవలసినదని అందరూ చెప్పిన ప్రాణి ఒక పేదరాలికి సాయపడగా చూచిన పిల్లవాడు, పేరును బట్టి ఎవరినీ నిర్ణయించరాదని తనకు తెలియకుండానే గ్రహిస్తాడు. తప్పు చేసినవానికి నవ్వులపాటు కావడమే చాలాసార్లు శిక్ష. అపరాధానికి తగినంతే దండన అన్నది మితంలో మొదటి పాఠం.

1952 నుండి చందమామ సంపాదక బాధ్యతను కొడవటిగంటి కుటుంబరావుగారు వహించారు. ఆయనదీ తెనాలియే. మార్క్సిస్టు భావాలు గల హేతువాది. రాజుల కథలు, రాకుమారుల కథలు, దయ్యాల కథలు నిండిన పత్రికను అట్టి రచయిత చేతిలో పెట్టడానికి చక్రపాణిగారు వెనుకాడలేదు. కుటుంబరావుగారు కూడా తన సిద్ధాంతాన్ని పిల్లల నెత్తిన రుద్దలేదు. 1980లో కన్నుమూసేవరకు ఆయన ఆ పనిలోనే ఉన్నారు. భిన్నాభిప్రాయాలు గల ఇద్దరు ఒకే పనిని ఇంత కాలం కలసి సాగించడం మన సంస్థలకూ సంఘాలకూ ఆదర్శప్రాయం.

చందమామ బేతాళ కథలను ఎరుగని తెలుగువాడు లేడు. శవాన్ని భుజాన వేసుకొని, కత్తి చేతబట్టి శ్మశానంలో నడిచే విక్రమార్కుని బొమ్మ శంకర్ కుంచె నుండి వెలువడి తరతరాలకు గుర్తుండిపోయింది. సంస్కృతంలోని పాతిక కథలు అయిపోయిన పిదప కూడా ఆ చట్రంలో కొత్త కథలు వందల కొలదిగా పుట్టినవి. వాటి నిర్మాణాన్ని గమనించండి. బేతాళుడు కథ చెప్పి, చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. పైకి తప్పుగా కనిపించిన పని నిజంగా తప్పేనా, త్యాగంగా కనిపించినది నిజంగా త్యాగమేనా అన్నది ఆ ప్రశ్న. సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది.

పాత కథలలో ఒకటి ఉదాహరణగా తీసుకుందాం. మరణించిన కన్యను ప్రేమించిన యువకులు ముగ్గురు. ఒకడు ఆమె అస్థికలను గంగలో కలుపబోయాడు, ఒకడు శ్మశానంలో ఆమె బూడిద మీదనే శయనించాడు, ఒకడు మంత్రం సంపాదించి ఆమెను బ్రతికించాడు. ఆమె ఎవరికి భార్య కావలెను? పిల్లవాడు తడుముకొనకుండా బ్రతికించినవాడికే అంటాడు. ప్రాణమిచ్చినవాడు తండ్రి వంటివాడని, అస్థికలు మోసినవాడు కుమారుని వంటివాడని, బూడిదను విడువని వాడే భర్త అని రాజు తీర్పు చెబుతాడు. అప్పుడు పిల్లవాడు తన మొదటి జవాబును మళ్లీ తరచి చూచుకుంటాడు. రాజు తీర్పుతో అతడు ఏకీభవించకపోవచ్చు. అయినా ఒకే సంఘటనను మూడు దిక్కుల నుండి చూడవచ్చునని ఎరుగుతాడు. తొందరపడి తీర్పు చెప్పకుండా క్షణకాలం ఆగడం అక్కడ అలవాటవుతుంది.

పెద్దల కోసం కూడా చక్రపాణిగారు ఇదే మార్గాన్ని అనుసరించారు. నాగిరెడ్డిగారితో కలసి నెలకొల్పిన విజయా సంస్థ 1950లో షావుకారు, 1951లో పాతాళ భైరవి, 1955లో మిస్సమ్మ, 1957లో మాయాబజార్ చిత్రాలను అందించింది. ఒక బెంగాలీ నాటకం ఆధారంగా రూపొందిన మిస్సమ్మకు చక్రపాణిగారు చిత్రానువాదం సమకూర్చగా ఎల్.వి. ప్రసాద్ గారు దర్శకత్వం వహించారు. ఉద్యోగం కోసం ఒక హిందూ యువకుడు, ఒక క్రైస్తవ యువతి భార్యాభర్తలుగా నటించడం అందులోని ఇతివృత్తం. మతభేదం అను నిప్పును చేతిలోనికి తీసుకొని ఎవరినీ కాల్చకుండా నవ్వించిన చిత్రమది.

అయితే జీవిత చరిత్ర వ్రాసేటప్పుడు ప్రశంస కూడా మితంగానే ఉండవలెను. మిస్సమ్మ కథాంతంలో ఆ క్రైస్తవ యువతి తప్పిపోయిన జమీందారు కుమార్తె అని, అనగా జన్మతః హిందువే అని తేలుతుంది. దానితో చిక్కు విడిపోతుంది. భేదాన్ని భేదంగానే ఉంచి ప్రేమను నిలుపగల సాహసం ఆ కథకు చాలలేదని మావంటి అల్పసంఖ్యాక వర్గాల పాఠకులకు తోచడం సహజం. అదే చిత్రానికి మొదట భానుమతిగారిని నాయికగా తీసుకొని, కొన్ని రీళ్లు చిత్రీకరించిన పిదప పట్టింపులు రాగా ఆ భాగాన్ని త్రోసివేసి సావిత్రిగారితో తిరిగి తీశారు. పిల్లలకు పట్టువిడుపులు నేర్పిన సంపాదకునికి తన పట్టును విడవడం ఎల్లవేళలా సాధ్యం కాలేదు. ఈ సంగతులు ఆయన గౌరవాన్ని తగ్గించవు. మితం అనేది పుట్టుకతో వచ్చేది కాదని, జీవితాంతం సాధన చేయవలసినదని ఇవి మనకు గుర్తుచేస్తాయి.

1975 సెప్టెంబరు 24న చక్రపాణిగారు పరమపదించారు. ఆయన అనంతరం చందమామ దశాబ్దాల పాటు నడిచి, యాజమాన్యాలు మారి, 2010 దశకంలో అచ్చులో ఆగిపోయింది.

బాలలకు బొమ్మల మీద మక్కువ మాత్రం ఆగలేదు. అచ్చు బొమ్మ స్థానాన్ని నేడు కదిలే కార్టూన్ బొమ్మ ఆక్రమించింది. ఆ పరిశ్రమకు మన హైదరాబాదు ఒక కేంద్రం. 2008లో దేశమంతటా ప్రసిద్ధికెక్కిన ఛోటా భీమ్ ఈ నగరంలోనే రూపుదిద్దుకున్నాడు. 2017లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం రాయదుర్గంలో ఇమేజ్ టవర్ అను భవనానికి శంకుస్థాపన జరిగింది. ఒకనాడు రాళ్ల గుట్టల నడుమ ఉన్న ఆ గ్రామంలో అద్దాల మేడలు లేచినవి. మన విద్యార్థులలో కొందరు రేపు ఆ మేడలలో కూర్చుండి పిల్లల కోసం బొమ్మలు గీయవచ్చును, కథలు అల్లవచ్చును.

వారి చేతిలోని సాధనం చక్రపాణిగారి కాలపు అచ్చుయంత్రం కన్న వేయి రెట్లు బలమైనది. కావున ప్రమాదమూ అంతే. కార్టూన్‌లో మంచివానిని తెల్లగా, చెడ్డవానిని నల్లగా గీయడం సులభం. ఒక గుద్దుతో కథ ముగించడం ఇంకా సులభం. చెడ్డవాని గడ్డానికో, టోపీకో, బొట్టుకో, యాసకో చెడును అంటగట్టడం అన్నిటికన్న సులభం. దానిని చూచే పసిబాలుడు ఆ గుర్తులు గల తన సహపాఠిని మరునాడు ఏ కళ్లతో చూస్తాడో గీసేవాడు ముందుగా ఆలోచించవలెను. తరగతిలో బోధించే ఉపాధ్యాయుడు కూడా కార్టూన్ చూపించి నీతిని తానే ప్రకటించక, బేతాళుని వలె ఒక ప్రశ్న వేసి కొంచెం సేపు మౌనం వహించవలెను. ఆ పాత్ర స్థానంలో నీవుంటే ఏమి చేసేవాడవు, మరొక దారి ఉన్నదా అని అడుగవలెను. పిల్లలు చెప్పిన నాలుగు జవాబులనూ నల్లబల్ల మీద వ్రాసి, వాటి మంచిచెడ్డలను వారిచేతనే తేల్పించవలెను.

మన కళాశాలలో చదివే యువతీయువకులు ఉర్దూ వార్తలను, తెలుగు వార్తలను రెండింటినీ చదువగలరు. ఒకే సంఘటనను రెండు కథలుగా వినగల ఈ అవకాశం అందరికీ లభించదు. దానిని అనుమానాలు పెంచుకొనడానికి కాక, అవతలివాని వైపు నుండి చూడడానికి వినియోగించుకొనుట మన బాధ్యత. ఆరోగ్యవరంలో రోగి మంచం మీద బెంగాలీ దిద్దుకున్న యువకుడు అదే పని చేశాడు. విద్యార్థులు చక్రపాణిగారి జీవితాన్ని శ్రద్ధగా పరిశీలించి, తమ ఇళ్లలోని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కథ చెప్పేటప్పుడు చివర ఒక ప్రశ్నను మిగల్చుదురుగాక అని ఆశిస్తున్నాము.