కంప్యూటర్ గది తలుపు తెరిచిన మాస్టారు - జాన్ కెమెనీ

గొప్పవాళ్ల జీవితాలు రాసేటప్పుడు సాధారణంగా మనం వాళ్ల తెలివితేటలనే లెక్కపెడుతూ ఉంటాం. ఆ తెలివిని వాళ్లు ఎవరికి అందేలా చేశారన్నది అంతగా పట్టించుకోం. ఈ ఏటి సావనీర్‌కు నేను జాన్ కెమెనీని ఎంచుకోవడానికి ఆ రెండో సంగతే కారణం. బేసిక్ అనే కంప్యూటర్ భాష పేరు మనలో చాలామంది వినే ఉంటారు. దాన్ని తయారుచేసిన ఇద్దరూ ఒక చిన్న ఊరి కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టర్లనీ, అది నడవడానికి కావలసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాసింది ఇంకా డిగ్రీ కూడా పూర్తిచేయని విద్యార్థులనీ తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

కెమెనీ 1926 మే 31న హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకోగానే ఆయన తండ్రి రాబోయే ప్రమాదాన్ని పసిగట్టాడు. తాను ముందుగా అమెరికా వెళ్లి, 1940లో భార్యాబిడ్డల్ని రప్పించుకున్నాడు. తాతగారు మాత్రం ఊరు వదిలి రానన్నారు. ఆయనా, మరికొందరు దగ్గరి బంధువులూ నాజీల మారణకాండకు బలైపోయారు. తండ్రి ఒక్క రెండేళ్లు తాత్సారం చేసి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు.

పద్నాలుగో ఏట న్యూయార్క్‌లో అడుగుపెట్టిన ఆ కుర్రవాడు మూడేళ్లు తిరిగేసరికి హైస్కూల్లో అందరికన్నా ముందు నిలిచాడు. తర్వాత ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో గణితం. చదువు మధ్యలోనే యుద్ధం పిలుపు వచ్చింది. 1945లో ఆయన్ను లాస్ ఆలమోస్‌కు పంపారు. అణుబాంబు తయారీకి కావలసిన లెక్కలు చేసే విభాగంలో పని. అప్పటికి అక్కడ ఎలక్ట్రానిక్ కంప్యూటర్ లేదు. కార్డులకు చిల్లులు పొడిచి పద్దుల యంత్రాల్లో వేసి, రాత్రింబవళ్లు వంతులవారీగా నడిపించేవారు. ఒక్కొక్క లెక్క తేలడానికి వారాలు పట్టేది. అక్కడే వాన్ నాయ్‌మన్ చేసిన ఉపన్యాసం ఒకటి కెమెనీ విన్నారు. సూచనలను కూడా తనలోనే దాచుకొని నడిచే యంత్రం రాబోతోందని అందులో తెలిసింది. అలాంటి యంత్రం ముందు తానెప్పుడు కూర్చుంటానా అన్న ఆశ ఆయనకు ఆనాడే పుట్టింది.

యుద్ధం ముగిశాక మళ్లీ ప్రిన్స్‌టన్. అలొంజో చర్చ్ దగ్గర తర్కశాస్త్రంలో పరిశోధన చేసి 1949లో డాక్టరేటు పొందారు. ఆ రోజుల్లోనే ఒక ఏడాదిపాటు ఐన్‌స్టైన్‌కు గణిత సహాయకుడిగా పనిచేశారు. అలాంటి గురువుల దగ్గర పనిచేసినవాడు పెద్ద పరిశోధనశాల చూసుకొని స్థిరపడతాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన 1953లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో హేనోవర్ అనే చిన్న ఊళ్లో ఉన్న డార్ట్‌మత్ కాలేజీలో చేరారు. 1955 నుంచి 1967 దాకా గణితశాఖకు అధిపతిగా ఉన్నారు. ఆ కాలంలో ఆయన పిలిపించి చేర్చుకున్న అధ్యాపకుడే థామస్ కర్ట్జ్. బేసిక్ పేరు చెబితే ఈ ఇద్దరినీ కలిపే చెప్పాలి. కర్ట్జ్ 2024 నవంబరులో కన్నుమూశారు.

డార్ట్‌మత్‌కు మొదట్లో సొంత కంప్యూటర్ లేదు. కర్ట్జ్ చిల్లుల కార్డులు పెట్టెలో పెట్టుకొని రైలెక్కి, బోస్టన్ పక్కనున్న ఎం.ఐ.టి.కి వెళ్లి అక్కడి యంత్రం మీద లెక్కలు వేయించుకొని వచ్చేవారు. ఒక్క కామా తప్పుపడితే మళ్లీ ప్రయాణం దాకా ఆగవలసిందే. 1959లో కాలేజీ ఎల్.జి.పి.-30 అనే చిన్న యంత్రం కొన్నది. దాని జ్ఞాపకశక్తి 4096 పదాలు మాత్రమే. అంత ఇరుకులోనూ విద్యార్థులు ఆల్గాల్ భాషకు కంపైలర్ రాసి చూపించారు. నా ఉద్దేశంలో కెమెనీకి అసలు ధైర్యం వచ్చింది అక్కడే. కుర్రాళ్లకు యంత్రం అప్పగిస్తే ఏం చేయగలరో ఆయనకు తెలిసిపోయింది.

అప్పుడు ఆయన వేసుకున్న లెక్క ఇది. డార్ట్‌మత్ విద్యార్థుల్లో నాలుగింట మూడువంతుల మంది సైన్సు చదివేవారు కారు. చరిత్ర, సాహిత్యం, అర్థశాస్త్రం చదివేవారు. రేపు కంపెనీలు, ప్రభుత్వాలు నడిపేది వీళ్లే. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియకుండా కంప్యూటర్ల గురించి నిర్ణయాలు తీసుకునేదీ వీళ్లే. కాబట్టి ప్రతి విద్యార్థీ యంత్రాన్ని స్వయంగా వాడి చూడాలి. దానికి రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, కార్డులిచ్చి మర్నాటిదాకా వేచి ఉండే పద్ధతి. రెండు, ఫోర్‌ట్రాన్, ఆల్గాల్ భాషలు కొత్తవాళ్లకు కొరుకుడుపడవు. మొదటిదానికి విరుగుడు టైమ్ షేరింగ్. ఆ సలహా కర్ట్జ్‌కు ఇచ్చింది జాన్ మెకార్తీ. ఎం.ఐ.టి.లో అప్పటికే అలాంటి ఏర్పాటు ఒకటి ఉంది. రెండోదానికి విరుగుడుగా కొత్త భాషనే తయారుచేయాలని కెమెనీ పట్టుబట్టారు.

టైమ్ షేరింగ్ అంటే పెళ్లిబంతిలో వడ్డన లాంటిది. వడ్డించేవాడు ఒక్కడే. ఒక్కో విస్తట్లో ఒక్కో గరిటె వేసుకుంటూ పోతాడు. మనం ఆ ముద్ద తినేలోగా మళ్లీ మన దగ్గరికి వస్తాడు. ప్రతివాడికీ తన ఒక్కడికే వడ్డిస్తున్నట్టు ఉంటుంది. డార్ట్‌మత్ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి రెండు యంత్రాలు తెప్పించింది. డేటానెట్-30 టెలిటైపుల మీద ఎవరేం కొడుతున్నారో చూసుకుంటూ వంతులు నిర్ణయిస్తుంది. జి.ఇ.-225 అసలు లెక్కలు చేస్తుంది. చిన్న ప్రోగ్రాములు ముందు తెమిలిపోవాలి, పెద్దవి కాస్త ఆగాలి అన్నది నియమం. ఈ రెంటినీ ఇలా జోడించి నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ బజారులో దొరికేది కాదు. మైక్ బుష్, జాన్ మెగీచీ అనే ఇద్దరు విద్యార్థులు ముందు నడవగా దాన్ని కాలేజీలోనే రాశారు. జాతీయ సైన్స్ ఫౌండేషన్ గ్రాంటు ఇచ్చింది కానీ, ఇంతటి పని డిగ్రీ విద్యార్థులవల్ల అవుతుందా అని శంకించినవాళ్లు లేకపోలేదు.

కంపైలర్ భాగం కెమెనీ స్వయంగా తీసుకున్నారు. యంత్రం కాలేజీకి రాకముందే, 1963లోనే రాయడం మొదలుపెట్టారు. 1964 ఫిబ్రవరిలో యంత్రాలు వచ్చి కాలేజీ హాలు నేలమాళిగలో కుదురుకున్నాయి. భాషలో వాక్యాల రకాలు పదిహేనుకు మించవు. లెట్, ప్రింట్, ఇఫ్, ఫర్, నెక్స్‌ట్, గోటు - ఇలా మామూలు ఇంగ్లీషు మాటలే. పూర్ణాంకం వేరు, దశాంశం వేరు అనే బాధ లేదు. అన్నీ సంఖ్యలే. ప్రతి వరసకూ ముందు ఒక నంబరుంటుంది. ఆ నంబరులోనే ఒక ఉపాయం ఉంది. నంబరుతో మొదలైతే అది ప్రోగ్రాములో వరస. నంబరు లేకపోతే అది సిస్టమ్‌కు ఇచ్చే ఆజ్ఞ. తప్పు దిద్దాలంటే అదే నంబరుతో వరస మళ్లీ కొడితే చాలు, పాతది పోయి కొత్తది కూర్చుంటుంది. రన్ అని కొట్టగానే కంపైలర్ ప్రోగ్రామునంతా యంత్రభాషలోకి మార్చి వెంటనే నడిపిస్తుంది. ఆ మార్పు సంగతి విద్యార్థికి తెలియనే తెలియదు. తను రాసిందీ, వచ్చిన జవాబూ, అంతే.

1964 మే 1. తెల్లవారుజామున నాలుగు గంటలు. రెండు టెలిటైపుల మీద ఒకేసారి రెండు బేసిక్ ప్రోగ్రాములు నడిచాయి. రెంటికీ సరైన జవాబులే వచ్చాయి. ఎన్నో రాత్రులు అక్కడే గడిపిన కుర్రాళ్లకు ఆ క్షణం ఎలా ఉండి ఉంటుందో పరీక్షల ముందు ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. కెమెనీ కంప్యూటర్‌ను గ్రంథాలయంతో పోల్చేవారు. పుస్తకం తీయడానికి విద్యార్థిని కారణం అడగం కదా, కంప్యూటర్‌కూ అదే పద్ధతన్నారు. 1966లో కీవిట్ కంప్యూటర్ కేంద్రం తెరిచినప్పుడు అదే నడిచింది. విద్యార్థి దగ్గర పైసా తీసుకోలేదు. టెలిఫోను తీగలమీద చుట్టుపక్కల బడులకు కూడా కలిపారు. భాషను ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు. దాంతో అది ప్రపంచమంతా పాకింది. 1975లో ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్‌కు బిల్ గేట్స్, పాల్ అలెన్ రాసింది బేసిక్కే. 1984లో మన దేశంలో బడిపిల్లల కోసం క్లాస్ పథకం మొదలైనప్పుడు వచ్చిన బి.బి.సి. మైక్రోల మీదా బేసిక్కే.

విమర్శలు లేకపోలేదు. బేసిక్ నేర్చినవాళ్లకు మంచి పద్ధతులు అబ్బవని డైక్‌స్ట్రా వంటి పండితుడు 1975లో ఘాటుగానే అన్నారు. చిన్న కంప్యూటర్లలో ఇరికించడానికి కంపెనీలు ఎవరికి తోచినట్టు వాళ్లు భాషను కత్తిరించుకోవడం చూసి కెమెనీకీ బాధ కలిగింది. 1983లో ఆయనా, కర్ట్జ్ కలిసి కంపెనీ పెట్టి ట్రూ బేసిక్ అనే సంస్కరించిన రూపం తెచ్చారు. అది అంతగా చెలామణి కాలేదు. వదిలేసిన బిడ్డ ఊరంతా తిరిగి వస్తే, కన్నవాళ్ల మాట వినలేదు. అయినా ఊరంతా తిరిగినందువల్లే ఎందరో బీద పిల్లలకు అది దొరికిందన్నది నా అభిప్రాయం.

1970లో కెమెనీ డార్ట్‌మత్ అధ్యక్షుడయ్యారు. పదవిలోకి వచ్చిన రెండు నెలలకే కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సైనికుల కాల్పులకు నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఆయన పోలీసుల్ని పిలవలేదు. వారంపాటు పాఠాలు ఆపి, జరిగినదాన్ని గురించి అందరూ కూర్చొని మాట్లాడుకోమన్నారు. అప్పటిదాకా మగపిల్లలకే పరిమితమైన కాలేజీలో 1972 నుంచి ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. అధ్యక్షుడిగా ఉంటూ కూడా క్లాసులు చెప్పడం మానలేదు.

1979 మార్చి 28న త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. అధ్యక్షుడు కార్టర్ విచారణ సంఘానికి కెమెనీనే అధ్యక్షుడిగా వేశారు. తొలి నిమిషాల్లోనే వందకు పైగా హెచ్చరికలు ఒక్కసారిగా మోగితే, ఏది ముఖ్యమో ఆపరేటర్లకు తెలియలేదు. యంత్రాలకన్నా మనుషుల విషయంలో జరిగిన లోపాలే ప్రధానమని ఆ సంఘం తేల్చింది. శిక్షణ చాలలేదు. నియంత్రణ గది మనిషి కంటికీ చేతికీ అనువుగా లేదు. నాకు ఇది బేసిక్ కథకు కొనసాగింపుగానే కనిపిస్తుంది. యంత్రం ముందు కూర్చున్న మనిషికి అది అర్థం కాకపోతే, డార్ట్‌మత్‌లో అయితే ఒక కుర్రవాడి సాయంత్రం పాడవుతుంది. అక్కడైతే ఊళ్లకు ఊళ్లే ప్రమాదంలో పడతాయి.

1981లో పదవి వదిలి కెమెనీ మళ్లీ తరగతి గదికే వెళ్లారు. 1992 డిసెంబరు 26న, తన 66వ ఏట, గుండె ఆగి మరణించారు.

నేడు బేసిక్ రాసేవాళ్లు కొద్దిమందే. టెలిటైపులు మ్యూజియంలో ఉన్నాయి. కానీ ఒక కాలేజీ తన దగ్గరున్న అతి ఖరీదైన యంత్రం తాళంచెవి విద్యార్థుల చేతికిచ్చి, చెడగొడతారేమోనని భయపడకుండా ఉండటం ఏనాటికైనా అరుదైన సంగతే. మన ల్యాబుల్లో బీరువాలకు వేసిన తాళాలు చూసినప్పుడల్లా నాకు ఆ లెక్కల మాస్టారు గుర్తుకొస్తారు. మనవాళ్లూ ఒకసారి ఆలోచించాలి.