బడిపిల్లల మాత్ర – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు

 ఈ ప్రత్యేక సంచికకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాస్తున్నాను. సర్కారు బడుల్లో పెద్ద తరగతుల పిల్లలకు రక్తహీనత రాకుండా వారానికొక నీలం మాత్ర ఇచ్చే పథకం ఉంది. మా పహాడీ షరీఫ్ పిల్లలకూ అదే. అందులో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాని వెనుక ఒక తెలుగువాడున్నాడని మనవలకు చెప్పాలి.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మన దేశంలో బడిపిల్లలకు వైద్య పరీక్షలు 1909లో బరోడా నగరంలో మొదలయ్యాయి. అప్పటికి సుబ్బారావు గారికి పద్నాలుగేళ్ళు. అటువంటివి మన ఊళ్ళకు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. పిల్లలకు జబ్బు చేస్తే నాటువైద్యం, లేదా దేవుడే దిక్కు. తండ్రి జగన్నాథం గారు అనారోగ్యంతో ముందే ఉద్యోగం మానుకున్నారు. ఆ ఇంటి కష్టం పెన్షనర్లకు వేరే చెప్పనక్కరలేదు. కుర్రవాడు మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు.

మద్రాసులో వైద్యం చదివినా ఇద్దరు సోదరులను దక్కించుకోలేకపోయారు. స్ప్రూ అనే గ్రహణి జబ్బు వారిని కొద్దిరోజుల తేడాలో తీసుకుపోయింది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడి మనిషి ఎండిపోతాడు. అదే జబ్బు ఆయననూ పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదంతో కోలుకున్నారు.

1923లో భార్య శేషగిరి గారిని వదిలి అమెరికాలో బోస్టన్ చేరారు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ చదివారు. ఇక్కడ పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే జబ్బుచేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనేలేదు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా బరువైన సంగతి ఇదే.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది పనిచేసింది. సోదరులు పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలినట్టుండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందునూ ఆ బృందమే ఇచ్చింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సర్ పిల్లలు 16 మందికి వాడితే 10 మందికి కొంతకాలం నెమ్మదించింది. ఆ నివేదిక 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. పాతికేళ్ళలో ఆయన ఒక్కసారీ ఇంటికి రాలేదు.