మ్యాట్ చుట్టేసే ముందు... కృష్ణమాచార్య గారి కథ

యోగా క్లాస్ చివర్లో లైట్లు తగ్గించి కళ్ళు మూసుకోమనగానే, మ్యాట్ చుట్టేసి లేచిపోయేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. చెమట పట్టింది కదా, పని అయిపోయిందనుకుంటాం. మన చేత అంత చెమట పట్టించే యోగా ఈ రూపంలోకి రావడానికి ముఖ్య కారకుడు తిరుమలై కృష్ణమాచార్య. ఆయన మాత్రం అక్కడ ఆగలేదు.

1888 నవంబర్ 18న, మైసూరు రాజ్యంలోని ముచుకుందపురంలో శ్రీవైష్ణవ కుటుంబంలో పుట్టారు. తమది నాథముని వంశమని ఇంట్లో చెప్పుకునేవారు. పదేళ్ళకే తండ్రి పోయారు. మైసూరులో, కాశీలో శాస్త్రాలు చదివారు. హిమాలయాల్లో రామమోహన బ్రహ్మచారి అనే గురువు దగ్గర ఏడేళ్ళకు పైగా ఉన్నానని ఆయనే చెప్పేవారు. ఇంటికెళ్ళి, పెళ్ళి చేసుకుని, యోగం నేర్పమన్నదే ఆ గురువు అడిగిన దక్షిణ. దాని కోసం పెద్ద పదవులు వదులుకున్నారు. అంతటి పండితుడు ఇల్లు గడవక కొన్నాళ్ళు కాఫీ తోటలో కూడా పనిచేశారు.

1930ల్లో మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడయారు జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల పెట్టించారు. అక్కడి కుర్రాళ్ళకి ఊపిరితో కలిపి, ఒక ఆసనం నుంచి ఇంకో ఆసనంలోకి ఆగకుండా వెళ్ళే అభ్యాసం నేర్పారు. బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఆయన శిష్యులే. ఇప్పుడు జిముల్లో విన్యాస, పవర్ యోగా పేరుతో చేయించేదాంట్లో చాలా భాగానికి వేరు అక్కడే ఉంది.

కానీ ఆయనకి ప్రమాణం పతంజలి. యోగసూత్రాలు 195 దాకా ఉంటే, నేరుగా ఆసనం గురించి చెప్పేవి మూడే. ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది, ధ్యానం ఏడోది. మా భాషలో చెప్పాలంటే, ఆసనాలతోనే ఆపేయడం కోడ్ అంతా రాసి రన్ చేయకుండా ల్యాప్‌టాప్ మూసేయడం లాంటిది. ఏ దేవుణ్ణి ధ్యానించాలి అని మొహమాటపడేవాళ్ళకీ ఆయన దగ్గర దారి ఉండేది. తాను పరమ నారాయణ భక్తుడైనా, దేవుడు కుదరకపోతే సూర్యుణ్ణి, అదీ కాకపోతే అమ్మానాన్నల్ని తలుచుకోమనేవారు. ఇంతకంటే సులువైన సెట్టింగ్స్ ఏముంటాయి!

స్వాతంత్ర్యం తర్వాత రాజాదరణ పోయి 1950లో యోగశాల మూతపడింది. ఆయన మద్రాసు చేరారు. 1960ల మొదట్లో ఒకరోజు ఇంటి ముందు కారు ఆగింది. ఒక విదేశీ మహిళ దిగి, సంతోషం పట్టలేక ఆ ముసలాయన్ని కౌగిలించుకుంది. కొత్తగా ఇంజనీరింగ్ పాసైన కొడుకు దేశికాచార్ అది చూసి బిత్తరపోయాడు. ఎన్నాళ్ళుగానో నిద్రపట్టని ఆవిడ, ముందురోజు రాత్రి మందు లేకుండా నిద్రపోయిందట. ఆ కుర్రాడు ఇంజనీర్ ఉద్యోగం వదిలేసి తండ్రి దగ్గర శిష్యుడిగా కూర్చున్నాడు. మిమ్మల్ని రాజీనామా చేయమనట్లేదు, ఆ చివరి ఐదు నిమిషాలు కూర్చోమంటున్నాం, అంతే.

96 ఏళ్ళప్పుడు తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ వద్దన్నారు. మంచం మీదే చేయగలిగే అభ్యాసం తనకి తానే తయారుచేసుకున్నారు. నూరేళ్ళు దాటాక, 1989 ఫిబ్రవరి 28న మద్రాసులో కన్నుమూశారు.