చక్రంలో గాలి నింపిన పశువుల డాక్టరు – డన్‌లప్ జీవితం

మన గోడపత్రికలో ఎప్పుడూ దేశ నాయకుల జీవితాలే వస్తున్నాయి. ఈసారి నేను ఒక పశువుల డాక్టరు గురించి రాస్తున్నాను. ఆయన పేరు మీలో చాలామంది చదివే ఉంటారు. పాత సైకిల్ టైరు పక్కన డన్‌లప్ అని అచ్చు గుద్ది ఉంటాది. మనం అది కంపెనీ పేరు అనుకుంటాం గాని, ముందు అది ఒక మనిషి పేరు.

జాన్ బాయిడ్ డన్‌లప్ 1840వ సంవత్సరం ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లాండులోని డ్రెగ్‌హార్న్ అనే ఊరిలో జన్మించెను. వాళ్లది వ్యవసాయ కుటుంబం. నెలలు నిండకుండా రెండు నెలలు ముందే పుట్టాడని ఇంట్లోవాళ్లు చెప్పేవారట. అది మనసులో పెట్టుకుని ఆయన బతికినంత కాలం తన ఒంట్లో బాగులేదన్నట్టే జాగ్రత్తగా ఉండేవాడు. అలాగని పెద్ద జబ్బేమీ రాలేదు. ఎనభై ఒక్క ఏళ్లు బతికాడు!

ఎడింబరోలో పశువైద్యం చదివి 19 ఏళ్లకే డాక్టరయ్యాడు. 1867లో సముద్రం దాటి ఐర్లండు వెళ్లి, తరవాత బెల్‌ఫాస్ట్ పట్నంలో స్థిరపడ్డాడు. ఆ రోజుల్లో బళ్లన్నీ గుర్రాలే లాగేవి కాబట్టి గుర్రాల డాక్టరుకి చేతినిండా పని. రబ్బరుతో వైద్యానికి కావలసిన సామాన్లు తనే చేసుకునేవాడు. రబ్బరు అంటికించడం, కత్తిరించడం ఆ విధంగా చేతికి అలవాటయింది. ఆయన సైకిళ్లు చేసేవాడు కాదు, ఇంజనీరు అంతకన్నా కాదు. అందుకే నాకు ఈయన కథ నచ్చింది.

అప్పటి సైకిల్ చక్రం ఎలాగుండేదంటే, ఇనప రింగు మీద గట్టి రబ్బరు ముద్ద. లోపల గాలి లేదు. రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా ఎముకకే తగులుతాది. బెల్‌ఫాస్ట్ వీధుల్లో రాతి దిమ్మలు పరిచి ఉండేవి. డాక్టరుగారి కొడుకు జానీ చిన్న గుంటడు. మూడు చక్రాల సైకిల్ తొక్కి వస్తే కుదుపులకి తలనొప్పి అనేవాడు.

1887 అక్టోబరులో తండ్రి ఇంటి పెరట్లో ఒక పరీక్ష చేశాడు. ఇంచుమించు మూడడుగుల అడ్డం ఉన్న గుండ్రటి చెక్క పలక తీసుకున్నాడు. పల్చటి రబ్బరు షీటుతో గొట్టం చేసి, దాన్ని చెక్క చుట్టూ పెట్టి, పైన గుడ్డ చుట్టి మేకులు కొట్టాడు. జానీ ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టాడు. తరవాత కొడుకు సైకిల్ చక్రం ఒకటి, ఈ గాలి చక్రం ఒకటి, రెండూ పెరట్లో దొర్లించి చూశాడు. పాత చక్రం కొంత దూరం పోయి పడిపోయింది. గాలి చక్రం అలాగే పోయి పోయి గేటు స్తంభానికి గుద్దుకుని వెనక్కి తిరిగి వచ్చింది. 1888 ఫిబ్రవరి 28 రాత్రి జానీ సైకిల్ వెనక చక్రాలు రెంటికీ గాలి టైర్లు కట్టి పంపాడు. ఆ సంవత్సరమే జూలై 23న పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు, డిసెంబరు 7న ఇచ్చారు.

ఇందులో కిటుకేటంటే, గట్టి చక్రం రాయి ఎక్కినప్పుడు సైకిలూ మనిషీ మొత్తం పైకి లేవాలి. గాలి చక్రమైతే టైరే ఆ రాయి దగ్గర లోపలికి నొక్కుకుని, దాటగానే మళ్లీ ఉబ్బుతాది. మనిషి లేవక్కర్లేదు కాబట్టి బలం వృథా పోదు. అందుకే మెత్తగా ఉండడమే కాదు, బేగి కూడా పోతాది.

ఆ సంగతి జనానికి 1889 మే 18న తెలిసింది. బెల్‌ఫాస్ట్ కాలేజీ ఆటల పోటీల్లో విల్లీ హ్యూమ్ అనే అతను గాలి టైర్ల సైకిల్‌తో దిగాడు. ఆ లావు టైర్లు చూసి జనం నవ్వారు. అతను నాలుగు పందాలకి నాలుగూ గెలిచాడు. ఓడిపోయిన వాళ్లలో హార్వే డు క్రాస్ అనే వ్యాపారి కొడుకులు ఉన్నారు. ఆ వ్యాపారి కోపం తెచ్చుకోకుండా డన్‌లప్‌తో కలిసి ఆ ఏడాదే డబ్లిన్‌లో టైర్ల కంపెనీ పెట్టాడు. తెలివైనవాడు.

అయితే 1890లో పిడుగులాంటి మాట వచ్చింది. గాలి చక్రం కొత్తది కాదని! రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఇంకో స్కాట్లాండు ఆయన 1845లోనే, 23 ఏళ్ల వయసులో, గుర్రబ్బళ్ల కోసం గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి సైకిళ్లు లేవు, రబ్బరు ఖరీదు, అందుకని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన 1873లో చనిపోయాడు. డన్‌లప్‌కి ఈ సంగతి తెలియదు. ఆయన పేటెంటు చెల్లదన్నారు. నా లెక్కలో ఇద్దరిదీ గొప్పే. ఒకరు ముందు అనుకున్నారు, ఒకరు జనం చేతికి ఇచ్చారు.

డన్‌లప్ టైరుకి ఒక లోపం ఉండేది. దాన్ని చక్రానికి అంటించేసేవారు. పంచరయితే విప్పడం పెద్ద పని. మన పంచరు షాపులో టైరు లీవరుతో ఎత్తి, ట్యూబు బయటికి లాగి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూసి, సొల్యూషన్ రాసి ముక్క వేస్తారు కదా, అలాగ కుదరదు. 1890లో వెల్చ్ అనే ఆయన అంచులో తీగ ఉన్న టైరు కనిపెట్టాడు. ఫ్రాన్సులో మిషెలిన్ అన్నదమ్ములు ఊడదీసే టైరు చేశారు. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగి రావడం అనే 1200 కిలోమీటర్ల పందెంలో ఆ టైర్లతో తొక్కిన షార్ల్ టెరాన్ మొదట వచ్చాడు. మన శ్రీకాకుళం నుంచి మద్రాసు దాటిపోయేంత దూరం. అప్పటికి తారు రోడ్లు లేవు, కంకర దుమ్ము రోడ్లే.

ఏ దారికి ఏ టైరు అన్నది ఇప్పటికీ ఆ లెక్కే. కళింగపట్నం విహారయాత్రకి వెళ్లినప్పుడు లైట్‌హౌస్ దగ్గర చేపల గంపతో సైకిల్ నడిపించుకు పోతున్న వాళ్లని చూశాం. పొడి ఇసకలో సన్న టైరు కత్తిలాగ దిగిపోతాది. నీటి అంచున తడి ఇసక మీదికి వెళ్తే దొర్లుతాది. మామూలు పెద్ద సైకిల్ టైరు ఒకటిన్నర అంగుళం వెడల్పు. మట్టిదారిలో చాలా దూరం పోవాలంటే అంతకన్నా వెడల్పుది, గాట్లు లోతుగా ఉన్నది కావాలి. గాలి కాస్త తగ్గించి కొట్టించాలి, అప్పుడు టైరు నేలని ఎక్కువ పట్టుకుంటాది. మరీ తగ్గిస్తే మన కొండదారి రాళ్లకి రింగు దిగి ట్యూబుకి పాము కాటులాగ రెండు చిల్లులు పడతాయి. తారు రోడ్డుకి సన్నది, గాలి గట్టిగా ఉన్నది చాలు. అరిగి నున్నగా అయిపోయిన టైరు దేనికీ పనికిరాదు, చవగ్గా వచ్చినా సరే. ఎడ్లబండికి కూడా ఇనప పట్టా చక్రం తీసి గాలి టైరు వేశాక ఎడ్లకి బరువు తగ్గింది. పశువుల డాక్టరుకి ఆ సంగతి తెలిస్తే సంతోషించేవాడేమో.

ఇప్పుడు రాసేది ఆయన జీవితం కాదు గాని రాయకుండా ఉండలేను. టైర్లు వచ్చాక లోకమంతా రబ్బరు కోసం ఎగబడింది. ఆఫ్రికాలో కాంగో దేశం అప్పుడు బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఉండేది. అక్కడి అడవిలో రబ్బరు తీగలు ఉండేవి. అడవి జనానికి ఇంత రబ్బరు తేవాలని లెక్క పెట్టారు. లెక్క తగ్గితే ఆడవాళ్లని బందీలుగా ఉంచారు, చేతులు నరికారు. మనం చింతపండు, అడ్డాకులు ఏరి సంతకి, జీసీసీకి ఇస్తాం. బరువు తగ్గితే డబ్బులు తగ్గుతాయి. అక్కడ మనిషే తగ్గిపోయాడు. కేస్‌మెంట్ అనే అధికారి 1904లో ఇచ్చిన నివేదిక, అప్పటి ఫోటోలు చూసి లోకం గోల చేసింది. 1908లో రాజు చేతిలోంచి ఆ దేశం తీసేశారు. తరవాత మలయాలో రబ్బరు తోటలు పెరిగాయి. ఆ తోటల్లో పాలు తీయడానికి మన విశాఖపట్నం వైపు నుంచి కూడా తెలుగు కూలీలు ఓడలెక్కి వెళ్లారు.

పెరట్లో కొడుకు కోసం చక్రం చేసిన మనిషి ఇదంతా అనుకుని ఉండడు. ఆయనకి డబ్బు కూడా ఎక్కువ రాలేదు. 1895లో కంపెనీ నుంచి తప్పుకున్నాడు. మరుసటి ఏడాది, 1896లో, ఆ కంపెనీ ముప్పై లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది! ఆ తరవాత ఆయన డబ్లిన్‌లో ఒక బట్టల వ్యాపారంలో వాటా పెట్టుకున్నాడు. తెల్ల గడ్డంతో ఆయన ముఖం మాత్రం కంపెనీ గుర్తుగా ఊరూరా తిరిగింది. మన దేశంలో కలకత్తా దగ్గర సాహాగంజ్‌లో 1936లో ఆ పేరుతో ఫ్యాక్టరీ వచ్చింది, చాలా ఏళ్లు నడిచి మూతపడింది.

1921 అక్టోబరులో ఆయనకి జలుబు చేసింది. పెద్దది అనుకోలేదు. 23వ తేదీన డబ్లిన్‌లోని ఇంట్లో చనిపోయాడు. టైరు పుట్టిన వైనం ఆయన రాసి పెట్టుకున్నాడు. దాన్ని తరవాత కూతురు పుస్తకంగా అచ్చు వేయించింది.

– 9వ తరగతి విద్యార్థిని